పలక మీద రాసిన చెయ్యి

పోయిన వారం రీవా స్టిల్ట్‌నర్‌ను యూనియన్ హాలు వెనక మెట్ల మీద, చెవికి ఫోను ఆనించుకుని నిలబడి ఉండగా వదిలేశాం. లోపల జనం బల్లలు చరుస్తున్నారు. స్లేట్ ఫోర్క్ లోయలో అంత సంతోషం వినబడి రెండేళ్లయింది. రిచ్‌మండ్‌లోని అప్పీలు కోర్టు ఆ పొద్దున పది గంటలకి రెండు తీర్పులు ఒకేసారి వదిలింది. రెండూ మన లోయవే.

మొదటిది యూనియన్ ఒప్పందం మీద. గనిలోకి షిఫ్టు దిగకముందే ఒక మనిషి ఒంటరిగా లోపలికి వెళ్లి, గ్యాసు చేరిందా, కప్పు వదులైందా అని చూసి రావాలి. అతన్ని ఫైర్‌బాస్ అంటారు. చూసిన ప్రతిచోటా అక్కడ వేలాడే పలక మీద సుద్దతో తన పొడి అక్షరాలు, తేదీ, గంట రాయాలి. పైకొచ్చి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ పని యూనియన్ మనిషిదేనని ఒప్పందంలో నలభై ఏళ్లుగా ఉంది. రెండేళ్ల కిందట ఆరో నంబరు గనిలో మంట లేచాక బ్లాక్ లారెల్ కంపెనీ ఆ పనిని తన మేస్త్రీలకి అప్పగించుకుంది. తగువు మధ్యవర్తి దగ్గరికి వెళ్తే ఆయన యూనియన్ పక్షాన చెప్పాడు. జిల్లా కోర్టు ఆయన మాట కొట్టేసింది. ఇప్పుడు అప్పీలు కోర్టు జిల్లా కోర్టు మాట కొట్టేసింది. లోపలి కేకలు అందుకే.

రెండోది రీవా తండ్రి ఆర్విల్ మీద. ఇరవై మూడేళ్లు ఫైర్‌బాస్‌గా చేసిన మనిషి. మంట లేచిన రోజు పొద్దున, తాను వెళ్లని చోటు చూసి వచ్చానని పుస్తకంలో రాశాడు. విచారణ కూడా లేకుండా నేరం ఒప్పేసుకున్నాడు. జడ్జి నలభై ఆరు నెలలు వేశాడు. అందులో పద్నాలుగు నెలలు కెంటకీ జైల్లో అయిపోయాయి.

"శిక్ష కొట్టేశారు రీవా," అంది ఫోన్లో లాయరు ప్రూయిట్. "నేరం అలాగే ఉంది. శిక్ష మాత్రం మళ్లీ వెయ్యాలి. అదే జడ్జి, వచ్చే నెల ఇరవై ఏడున."

"తగ్గిస్తాడా?"

"తగ్గించొచ్చు. అంతే వెయ్యొచ్చు. కొత్త సంగతి బయటపడితే పెంచనూవచ్చు. ముందు ఈ ముక్క విను. ముగ్గురు జడ్జీలూ దీని దగ్గరే ఆగారు." కాగితం తిప్పిన చప్పుడు. ప్రూయిట్ గొంతు చదువుతున్న గొంతుగా మారింది. "పంపు ఉన్న సందు చివరి పలకకు ఆ పొద్దుననే తీసిన ఫొటో ఫైల్లో ఉంది. పలక మీద ఓ.ఎస్. అనీ, ఆ రోజు తేదీ, అయిదుంబావు అనీ సుద్దతో రాసి ఉంది. ముద్దాయి ఆ సందులోకి అసలు పోలేదని ప్రభుత్వమే అంటోంది. పోకపోతే ఆ అక్షరాలు అక్కడికి ఎలా చేరాయో కింది కోర్టు అడగలేదు. ముద్దాయి ఒక్కడే, తన సుఖం కోసం, ఆ షిఫ్టులోని పదకొండు మంది ప్రాణాలతో ఆడుకున్నాడని తేల్చడానికి ఆధారం లేదు."

రీవా మెట్ల పక్క కమ్మీ పట్టుకుంది.

"ఆ ముక్క మళ్లీ చదువు లాయరమ్మా."

ప్రూయిట్ మళ్లీ చదివింది.

ఆ సందు రీవాకి తెలుసు. ఎత్తు మూడడుగులు కూడా ఉండదు. నాలుగు వందల అడుగులు మోచేతుల మీద, మోకాళ్ల మీద, చల్లటి నీళ్లలో పాక్కుంటూ పోవాలి. పలక ఆ చివర ఉంటుంది. పలక మీద రాయాలంటే పలక దాకా పోవాలి. పోయినవాడు ఆ చోటు చూసినట్టే. చూడనివాడు రాయలేడు. తొమ్మిదేళ్లుగా గనిలో కప్పుకి బోల్టులు బిగిస్తున్న మనిషి తను. జన్మలో ఎన్నడూ బొగ్గులో వంగని ముగ్గురు జడ్జీలకి తట్టింది తనకెందుకు తట్టలేదు? నాన్న ఒప్పుకున్నాడు కాబట్టి. ఒప్పుకున్నాక ఫొటోలు ఫైల్లోనే ఉండిపోయాయి, చూడాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. నాన్న మీద కోపంతో పద్నాలుగు నెలలు గడిపేసింది.

"సుద్ద తనంతట తాను పాక్కుంటూ పోదు కదా," అంది.

"పోదు. ఆ రాసిన మనిషిని నా ముందుకి తెస్తే జడ్జి ముందు నిలబెడతాను. ఆర్విల్ శిక్ష బాగా తగ్గుతుంది, బహుశా అదే రోజు ఇంటికి పంపిస్తారు. కానీ ఒక మాట. మీ ప్రెసిడెంటు క్లీటిస్ మన్సీ మధ్యవర్తి ముందు ప్రమాణం చేసి చెప్పాడు, మా ఫైర్‌బాస్ పలక మీద ఇంకో చెయ్యి ఎన్నడూ పడదని. యూనియన్ ఇవాళ గెలిచిన గెలుపు ఆ మాట మీద నిలబడి ఉంది. కేసు మళ్లీ వినమని అడగడానికి కంపెనీకి పద్నాలుగు రోజులు టైముంది. నేను మీ నాన్న లాయర్ని, యూనియన్ లాయర్ని కాను. నేను చెప్పేది అర్థమవుతోందా?"

"అవుతోంది."

"అయితే తొందరపడి ఏమీ చెయ్యకు."

"తొందర ఎక్కడిది? పద్నాలుగు నెలలయింది," అని రీవా ఫోను జేబులో పెట్టుకుంది.

* * *

హాలు బీన్స్ వాసనతో నిండిపోయింది. క్లీటిస్ పెళ్లాం పొద్దున్నే పెద్ద కుండ దించి వెళ్లింది. పక్కన మొక్కజొన్న రొట్టె, బేకరీ నుంచి తెచ్చిన, లోపల మాంసం పెట్టి కాల్చిన పెపరోని రోల్స్ ఒక అట్టపెట్టె. ఇరవై మంది దాకా ఉన్నారు. సగం మంది పదవీ విరమణ చేసినవాళ్లు, మిగతావాళ్లు మధ్యాహ్నం షిఫ్టు వాళ్లు, బూట్లతోనే.

"రిచ్‌మండ్ జడ్జీలకి ఒక గిన్నె బీన్స్ పంపుదామర్రా," అన్నాడొకడు.

"పంపితే వెనకాలే ఫైర్‌బాస్‌ని కూడా పంపాలి. కోర్టులో గ్యాసు చూడడానికి."

"యూనియన్ ఫైర్‌బాస్‌నే పంపాలి. తీర్పులో ఉంది!"

నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో క్లీటిస్ మన్సీ గోడవారగా తన కుర్చీలో, పొగాకు నమిలి ఉమ్మే కప్పు మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. అరవై ఒక్క ఏళ్లు. ఊపిరితిత్తుల్లో సగం దుమ్మే. నవ్వితే దగ్గు, దగ్గితే నవ్వు. ఆర్విల్‌తో పాటే ఫైర్‌బాస్ పరీక్ష రాసినవాడు, రీవా పుట్టినప్పుడు ఆస్పత్రిలో ఆర్విల్‌కంటే ముందు ఎత్తుకున్నవాడు.

"ఇదిగో మన సెక్రటరీ!" అని అరిచాడు. "ఏమ్మా, మొహం అలా పెట్టావేంటి? గెలిచింది మనమా, వాళ్లా? మీ నాన్న శిక్ష కూడా కొట్టేశారట కదా. ఒకే రోజు రెండు! రా, తిను."

"తర్వాత తింటా బాబాయ్. ముందు నాకు మాట్లాడడానికి అవకాశం కావాలి. సభ్యురాలిగా అడుగుతున్నా."

క్లీటిస్ కనుబొమలు పైకి లేచాయి. సభ్యుడు మాట్లాడతానంటే కాదనడం యూనియన్లో లేదు. బల్ల మీది చెక్కసుత్తి తీసి ఒకసారి కొట్టాడు. తలుపు దగ్గర కాపలా ముసలాయన ఈనస్ అలవాటు ప్రకారం లేచి తలుపు వెయ్యబోయాడు. సభ మొదలైతే తలుపు వేస్తారు. వేసిన తలుపు వెనక అన్న మాట గడప దాటదు. మన తాతల నాటి నుంచీ అంతే.

"తలుపు వెయ్యొద్దు తాతా," అంది రీవా.

"సభ అన్నావు కదమ్మా?"

"సభే. తలుపు తెరిచే ఉండాలి. ఇవాళ ఇక్కడ అనుకునే మాట గడప దాటాలి."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. ఈనస్ క్లీటిస్ వంక చూశాడు, రీవా వంక చూశాడు, చివరికి తలుపుని సగంలో వదిలేసి అక్కడే నిలబడ్డాడు.

"బాబాయ్. పంపు సందు పలక మీద ఆ పొద్దున ఓ.ఎస్. అని రాసింది ఎవరు?"

క్లీటిస్ ఉమ్మి కప్పు కింద పెట్టాడు. నెమ్మదిగా పెట్టాడు, టైము కోసం.

"మీ నాన్న పొడి అక్షరాలు అవి."

"మా నాన్న అక్షరాలే. చెయ్యి ఎవరిది అంటున్నా. ఆయన పోలేదని ఆయనే కోర్టులో ఒప్పుకున్నాడు. అక్షరాలు అక్కడున్నాయి. రిచ్‌మండ్‌లో ముగ్గురు జడ్జీలు కూర్చుని ఇదే అడిగారు. వాళ్లకి తెలియదు కాబట్టి అడిగారు. మీకందరికీ తెలుసు కాబట్టి ఒక్కరూ అడగలేదు."

ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. బీన్స్ గిన్నెలు, బూట్లు, కిటికీ. ఇరవై మంది ఇరవై చోట్లు వెతుక్కున్నారు. రీవాకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?" అంది.

"సుద్ద అరువివ్వడం అంటారు దాన్ని," అన్నాడు తలుపు దగ్గర నుంచి ఈనస్. అందరిలోకీ పెద్దవాడు ఆయనే, దాచుకోవడానికి తక్కువున్నవాడూ ఆయనే. "నా కాలం నుంచీ ఉంది. మోకాలు పోయినవాడికి, నడుం పోయినవాడికి. వాడు సందు మొదట్లో ఆగుతాడు. ఎలాగూ లోపలికి పోయే మనిషి వాడి సుద్ద తీసుకెళ్లి, చూసి, రాసి వస్తాడు. చూడకుండా ఎవడూ రాయలేదమ్మా. ఆ పాపం మటుకు ఎవడూ చెయ్యలేదు."

"ఈనస్, నోరు ముయ్యి," అన్నాడు క్లీటిస్.

"ముయ్యను. ఎనభై ఏడేళ్లొచ్చాయి, ఇంకెప్పుడు తెరవను?"

రీవా క్లీటిస్ కుర్చీ ముందుకి వచ్చి నిలబడింది.

"రాత్రి షిఫ్టు ఫైర్‌బాస్‌వి నువ్వే కదా ఆ రోజు. నువ్వే రాశావు. రాసి, మధ్యవర్తి ముందు బైబిల్ మీద చెయ్యి పెట్టి, ఇంకో చెయ్యి పడదని చెప్పావు. మా నాన్న జైలుకి పోతుంటే వ్యాను దాకా వచ్చి సాగనంపావు."

"నేను రాయలేదు."

"మరి?"

"రాయలేదన్నాను కదమ్మా! ఒట్టు."

"ఒట్టు ఒకసారి పెట్టావు, చూశాం."

క్లీటిస్ లేచాడు. లేచేసరికి దగ్గు తెర వచ్చింది. కుర్చీ వీపు పట్టుకుని దగ్గాడు, దగ్గు ఆగాక కళ్లు తుడుచుకోకుండానే మాట్లాడాడు.

"అబద్ధం చెప్పాను. అవును. మళ్లీ చెప్పమన్నా చెప్తాను. ఎందుకో నీకు చెప్పాలా? ఈ రెండేళ్లు నీ తల మీది కప్పు ఎవడు చూశాడు? కంపెనీ మేస్త్రీ. వాడు లోపలికి పోతాడా? బండిలో కూర్చుని, కాఫీ తాగుతూ, పది పలకలకి కలిపి పుస్తకంలో ఒకే గీత గీస్తాడు. వాడికి కావలసింది టన్నులు. గ్యాసు ఉందని రాస్తే షిఫ్టు ఆగుతుంది, షిఫ్టు ఆగితే వాడి ఉద్యోగం ఆగుతుంది. పోయిన నెల నువ్వే వచ్చావు నా దగ్గరికి. కప్పులోంచి రాయి రాలింది బాబాయ్, పలక మీద మాత్రం అంతా బాగుందని ఉందీ అని. వచ్చావా లేదా?"

"వచ్చాను."

"సుద్ద అరువిచ్చే అలవాటుందని నేనక్కడ ఒక్క ముక్క అని ఉంటే ఒప్పందం అక్కడే పోయేది. మీవాళ్లూ అంతేగా, మా మేస్త్రీలు చేస్తే తప్పేంటి అని వాళ్ల లాయరు గంతులేసేవాడు. మూడు గనులు, మూడు వందల ఎనభై మంది. మీ నాన్న ఒక్కడు. ఆర్విల్‌ని నేను అడిగాను. అడక్కుండా చెయ్యలేదు. నా సంగతి నేను చూసుకుంటా, నువ్వు ఒప్పందం చూసుకో అన్నాడు."

అది రీవాకి తెలియదు. ఒక్క క్షణం గోడ మీది గడియారం వంక చూసింది. పన్నెండుంబావు.

మూడు వందల ఎనభై మందిలో తనూ ఒకతి. రేపు పొద్దున మళ్లీ దిగాలి, ఆ కప్పు కిందికే. మేస్త్రీ రాసిన పలక నమ్ముకుని బోల్టు బిగించడమంటే ఏమిటో ఈ హాల్లో తనకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. క్లీటిస్ చెప్పిన దాంట్లో ఆ ముక్క అబద్ధం కాదు. అదే ఇబ్బంది.

"బాబాయ్," అంది, గొంతు తగ్గించి. "యూనియన్ ఫైర్‌బాస్ ఎందుకు కావాలంటున్నాం మనం? వాడు నిజం రాస్తాడని. ఆ మాట నిలబెట్టడానికి అబద్ధం చెప్తే ఇంక మేస్త్రీకీ మనకీ తేడా ఏముంది? మోకాలు పోయినవాడికి వేరే పని ఇమ్మని ఒప్పందంలో రాయించి ఉండాల్సింది. అడగడానికి సిగ్గుపడ్డారు. మగాడు మోకాలు నొప్పి అనకూడదు కదా! దానికి మా నాన్న నలభై ఆరు నెలలు."

"అందుకని ఇప్పుడు గెలిచింది పారేద్దామా?"

"పారేస్తానని నేను అనలేదు. నిజం చెప్పి నిలబెడదాం అంటున్నా. నిలబడకపోతే మళ్లీ పోట్లాడదాం. రాసింది ఎవరో చెప్పు."

"నాకు తెలిస్తే కదా."

"నేను," అన్నారెవరో.

బెంచీ చివర హోబర్ట్ జస్టస్. పంపు మనిషి. మంటలో కాలింది అతనొక్కడే. ముఖం ఎడమవైపు మెరుస్తుంది, చర్మం లాగి కుట్టినట్టు. చేతులు రెండూ మణికట్టు దాకా అంతే. చెంచా ఒక చేత్తో నిలవదు కాబట్టి రెండు అరచేతుల మధ్య పట్టుకుని తింటాడు. ఆ చెంచా గిన్నెలో పెట్టాడు.

"నేనే రాశాను అమ్మాయ్."

క్లీటిస్ మళ్లీ కూర్చున్నాడు. ఎవరో నెట్టినట్టు కూర్చున్నాడు. అతనికి నిజంగానే తెలియదని రీవాకి అప్పుడు అర్థమైంది.

"నువ్వా?" అన్నాడు క్లీటిస్. "నీకు ఫైర్‌బాస్ పరీక్షే లేదు కదరా!"

"లేదు. అదేగా గొడవంతా." హోబర్ట్ రీవా వంకే చూస్తున్నాడు. "పంపు దగ్గరికి రోజూ నేను పోవాల్సిందే. మీ నాన్న సందు మొదట్లో కూర్చుని మోకాలు రుద్దుకుంటుంటే చూడలేకపోయాను. మూడేళ్లు ఆయన సుద్ద నేనే మోశాను. ఆయన గ్యాసు మీటరు కూడా ఇచ్చేవాడు. ఆ రోజు అయిదుంబావుకి చూశాను. మీటరు సున్నా. అమ్మ తోడు, సున్నా. రాశాను. బయటికొచ్చి, శుభ్రంగా ఉంది ఆర్విల్ అన్నాను. నువ్వు చూశావా అంటే చూశానన్నాను. ఆయన పైకి పోయి సంతకం పెట్టాడు."

"మరి గ్యాసు ఎక్కడిది?"

"తర్వాత నీళ్లు పెరిగాయి. పంపు రెండుసార్లు ఆగింది కదా ఆ వారం. పంపు అవతల నీళ్లు కప్పుకి అంటేసరికి గాలి ఆగిపోయింది. గాలి ఆగితే గంటన్నర చాలు. ఏడింటికి నేను పోయి పంపు మీట వేశాను, నిప్పురవ్వ లేచింది." చేతులు కొంచెం పైకెత్తి చూపించాడు. "మీ నాన్న తనే పాక్కుంటూ పోయి చూసినా అయిదుంబావుకి సున్నానే చూసేవాడు. ఎవరి తప్పూ కాదది. నీళ్ల తప్పు, పాత పంపు తప్పు. కానీ పుస్తకంలో 'నేను చూశాను' అని ఉంది, చూసింది నేను."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు హోబర్ట్ మామా?"

"ఏడు వారాలు ఆస్పత్రిలో కళ్లకి కట్లు. కట్లు విప్పేసరికి మీ నాన్న ఒప్పేసుకున్నాడు. జైలుకి పోయే ముందు ఇంటికొచ్చాడు. పరీక్ష లేనివాడు తనిఖీ చెయ్యడం కూడా నేరమేరా, కాలింది నీ సొంత తప్పు అని తేలిస్తే నీ చేతులకిచ్చే పరిహారం ఆపేస్తారు, నోరెత్తావంటే నేను నీ మొహం చూడను అన్నాడు." హోబర్ట్ తన చేతుల వంక చూసుకున్నాడు. "నేను పిరికివాణ్ణి అమ్మాయ్. ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. ప్రతి ఆదివారం చర్చిలో నువ్వు నా పక్క వరసలో కూర్చుంటావు. నా చేతులు పట్టుకుని పలకరిస్తావు. ఇంక నా వల్ల కాదు. ఆ జడ్జి ముందుకి నన్ను తీసుకెళ్లు."

రీవా బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. సంచిలోంచి యూనియన్ నోటు పుస్తకం తీసింది.

"మొదటి నుంచీ చెప్పు. నేను రాస్తాను. నువ్వు చదివాకే సంతకం."

నాలుగు పేజీలు రాసింది. ఎవరూ లేవలేదు, ఎవరూ తినలేదు. క్లీటిస్ ఒక్కసారి మాత్రం కలగజేసుకున్నాడు. పంపు ఆగిన రోజులు మంగళ, గురువారాలు, బుధవారం కాదు అని. రీవా తల ఊపి దిద్దింది. హోబర్ట్ కలం రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని, నాలుక కొన బయటపెట్టి, సంతకం పూర్తి చేసేసరికి ఒక నిమిషం పట్టింది.

సంతకం తడి ఆరకముందే రీవా ఫోను మోగింది.

మంగళవారం ఒంటిగంట. జైలు నుంచి ఆర్విల్ ఫోను చేసే టైము. మర మనిషి గొంతు ఎప్పటిలాగే చెప్పింది. ఇది కేంద్ర కారాగారం నుంచి వస్తున్న కాల్, ప్రతి మాటా రికార్డు అవుతుంది, పదిహేను నిమిషాలు. రీవా ఒక మీట నొక్కి, అందరికీ వినబడేలా ఫోను బల్ల మీద పెట్టింది.

"ఏం తల్లీ, ఏదో తీర్పు వచ్చిందని ఇక్కడ గార్డు అంటున్నాడు?"

"రెండూ వచ్చాయి నాన్నా. ఒప్పందం గెలిచాం. నీ శిక్ష కొట్టేశారు. మళ్లీ వేస్తారు, ఇరవై ఏడున."

ఆర్విల్ పెద్దగా ఊపిరి వదిలాడు. "ఒప్పందం గెలిచారా! క్లీటిస్‌గాడు ఏడి? ఏడుస్తున్నాడా?"

"ఉన్నాడు. నాన్నా, జడ్జీలు ఒక మాట అడిగారు. పలక మీద రాసింది ఎవరని."

అవతల జైలు వరండాలో ఎవరో నవ్విన నవ్వు, ఇనుప తలుపు పడిన శబ్దం వచ్చాయి.

"ఈ ఫోను రికార్డవుతుంది, తెలుసు కదా," అన్నాడు ఆర్విల్.

"తెలుసు. అందుకే నేను ఎవరి పేరూ అనడం లేదు. నువ్వు కూడా అనకు. ఒక్కటే చెప్తున్నా, నాకు తెలిసిపోయింది. కాగితం మీద పెట్టాను. సంతకం కూడా అయింది."

"చింపెయ్."

"చింపను."

"రీవా, మాట విను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మోకాలికి ఆపరేషను కూడా చేయిస్తామన్నారు. ఇంకా రెండేళ్లు ఎంతలో పోతాయి? అక్కడ ఉన్నవాడికి మళ్లీ ఆ చేతులొస్తాయా?"

"రెండేళ్లు నీవే కాదు, నావి కూడా. చింపను నాన్నా. ఇరవై ఏడున జడ్జి ముందు పెడతాను."

"అయితే ఈ రికార్డు వినేవాడెవడో జాగ్రత్తగా వినమను." ఆర్విల్ గొంతు మారిపోయింది. గనిలో దూరంగా ఉన్న మనిషికి కేకేసి చెప్పేటప్పుడు ఒక్కొక్క మాటా విడదీసి అంటాడే, ఆ గొంతు. "నా పేరు ఆర్విల్ స్టిల్ట్‌నర్. ఆ పొద్దున ఆ సందులోకి నేనే పోయాను. పలక మీద నేనే రాశాను. మీటరు గ్యాసు చూపించింది. చూశాను. చూసి కూడా పుస్తకంలో ఏమీ లేదని రాశాను. నాతో ఎవరూ లేరు."

"నాన్నా!"

"పోలేదని ముందు చెప్పింది అబద్ధం. ఇది నిజం. అంతే."

ఫోను పెట్టేశాడు. పదిహేను నిమిషాల్లో మూడే అయ్యాయి.

హాల్లో ఎవరికీ దాని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు. పోకుండా పోయానని రాయడం ఒక నేరం. గ్యాసు కళ్లారా చూసి మనుషుల్ని దింపడం వేరే నేరం. దానికి నలభై ఆరు నెలలు చాలవు, పదేళ్లు కూడా వెయ్యొచ్చు. కొత్త సంగతి బయటపడితే జడ్జి పెంచొచ్చని ప్రూయిట్ అన్న మాట రీవా చెవిలో మోగింది. ఆ కొత్త సంగతిని నాన్న తన నోటితోనే ప్రభుత్వానికి రికార్డు చేసి ఇచ్చాడు. రేపో ఎల్లుండో ప్రాసిక్యూటరు బల్ల మీద ఉంటుంది.

"ముసలి గాడిద," అన్నాడు క్లీటిస్. కళ్లు తుడుచుకున్నాడు. "మొండి ముసలి గాడిద."

హోబర్ట్ లేచి నిలబడ్డాడు. "ఇరవై ఏడు దాకా ఆగితే లాభం లేదు. ఆ రికార్డు వాళ్లు వినేలోపు నేను పోయి చెప్పాలి. బెక్లీలో ప్రాసిక్యూటరు ఆఫీసు ఎన్నింటిదాకా ఉంటుంది?"

"అయిదింటిదాకా. కానీ లాయరు లేకుండా నువ్వు అక్కడ అడుగు పెట్టొద్దు మామా. నీకూ కేసు అవుతుంది. ప్రూయిట్‌తో మాట్లాడనివ్వు, అయిదు నిమిషాలు," అంటూ రీవా మెట్ల మీదికి నడిచింది. హాల్లో సిగ్నలు సరిగ్గా ఉండదు.

ప్రూయిట్ నంబరు మూడుసార్లు మోగింది. కోర్టులో ఉన్నట్టుంది. నాలుగోసారి చేస్తుండగా ముందువైపు బండి స్టార్టయిన చప్పుడు వచ్చింది. రీవా హాలు చుట్టూ తిరిగి పరిగెత్తేసరికి క్లీటిస్ పికప్పు కంకర రోడ్డెక్కేసింది. పక్క సీట్లో హోబర్ట్ తల కనబడుతోంది.

"ఆ చేతులతో నువ్వు నడపలేవురా, నేను దింపుతాను అన్నాడమ్మా క్లీటిస్," అన్నాడు గుమ్మంలోంచి ఈనస్. "బల్ల మీద కాగితాలు కూడా తీసుకుపోయాడు."

రీవా కారులో కూర్చుని తాళం తిప్పింది. ముందు పికప్పు వంతెన దగ్గర నెమ్మదించింది. బెక్లీకి కుడి వైపు వెళ్లాలి. వాగు మీద ఎండ మెరుస్తోంది, క్లీటిస్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఎదురొచ్చే లారీకి దారిచ్చాడు. లారీ పోయింది. పికప్పు ఎడమకి తిరిగింది.

ఎడమ వైపు ఊళ్లు లేవు, ఆఫీసులు లేవు. ఆ రోడ్డు తిన్నగా ఆరో నంబరు గని గేటు దగ్గరికి పోయి అక్కడితో ఆగిపోతుంది.

రీవా కూడా ఎడమకే తిప్పింది.